ఐసుపెట్టెలో బొటనవేలు

రంపం మిషన్‌కు ఒక ఇనప మూత ఉండేది. తిరిగే బ్లేడు పళ్లకూ మనిషి వేళ్లకూ నడుమ అడ్డంగా ఉండే మూత. పెద్ద కొమ్ముకోనం చేపలు దాని కింద పట్టడం లేదనీ, ఒక్కో చేపకూ మూత ఎత్తి దించేసరికి ఎండెక్కిపోతోందనీ షెడ్డు యజమాని దొరస్వామి దాన్ని ఊడబీకించి మూలన పడేశాడు. హోటళ్ల ఆర్డరు తీరగానే మళ్లీ బిగిస్తానన్నాడు. ఆ ఆర్డరు తీరింది, ఇంకోటి వచ్చింది. చింతాద్రిపేట చేపల మార్కెట్టు వెనక, కూవం నది గట్టున ఉన్న ఆ షెడ్డులో రంపం నడిపేది చిన్నసామి. రెండుసార్లు అడిగాడు.

“ముదలాళీ, ఆ మూత బిగించేయండి. చెయ్యి జారితే ఏం గతి?”

“ఎవుడి చెయ్యిరా జారేది? నీదా? ఇరవై ఏండ్ల చెయ్యి అది. అది జారిననాడు నేను అంగడి మూసేస్తా, పో.”

చెయ్యి జారింది. దొరస్వామి అంగడి మూయలేదు.

అయిదు నెలల తర్వాత, వాన పడుతున్న ఒక ఉదయం ఆరు గంటల వేళ, గడ్డకట్టిన సూర చేప బ్లేడుకు ఎదురు తిరిగి జారింది. దాని వెంటే చిన్నసామి కుడిచెయ్యి వెళ్లింది. చూపుడువేలు నుజ్జయిపోయింది. బొటనవేలు మాత్రం సగానికి, కత్తితో కోసినట్టు నున్నగా తెగి, తట్టలో చేప ముక్కల పక్కన పడింది.

దొరస్వామి తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అది నిజమే. కానీ ముందు తీసుకెళ్లింది తనకు తెలిసిన ఒక చిన్న నర్సింగ్‌హోముకు. ఇంట్లో తలుపు సందున పడి వేళ్లు తెగినట్టు అక్కడ రాయించాడు. దానికింద చిన్నసామి చేత ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించాడు. ఆ తర్వాతే పెద్దాసుపత్రికి పొమ్మని ఆటో ఎక్కించాడు. ఆ కాగితం ఉన్నంతకాలం నష్టపరిహారం కోసం ఏ ఆఫీసు మెట్లెక్కినా లాభం లేదని తర్వాత వకీలు చెప్పాడు.

ఈ అన్యాయం సంగతి మార్కెట్టులో గంపలు మోసేవాళ్లను అడిగినా చెబుతారు. దొరస్వామిని తిట్టడం వాళ్లకు ఉచితంగా దొరికే సుఖం. అందరికంటే గట్టిగా తిట్టేవాడు కాటయ్య, చిన్నసామి బామ్మర్ది. గట్టిగా తిట్టడానికి అతనికి వేరే కారణం ఉంది.

కాటయ్య పని పెట్టెలు కట్టడం. రైల్లో బెంగుళూరుకో కోయంబత్తూరుకో పోవలసిన చేపను థర్మాకోల్ పెట్టెలో పరిచి, పైన నలగ్గొట్టిన ఐసు కప్పాలి. నాలుగు చట్టిల ఐసుకు ఒక దోసెడు కల్లుప్పు చల్లాలి. ఉప్పు తగిలితే ఐసు ఇంకా చల్లబడుతుంది, చేప రాయిలా బిగుసుకుంటుంది. ఉత్త ఐసులో పెట్టిన చేప మధ్యాహ్నానికి కన్ను వాల్చేస్తుంది, ఉప్పు వేసింది మర్నాటికి కూడా మెరుస్తుంది. కాటయ్య కట్టిన పెట్టె వాసన వచ్చిందని ఏ ఊరినుంచీ ఫోను రాలేదు. అతని జీవితంలో అతను తప్పు లేకుండా చేసే పని అదొక్కటే.

ఆ పని నేర్పింది చిన్నసామే. వ్యాసర్పాడిలో రైలు యార్డు గోడ పక్కన వాళ్ల ఇళ్లు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మూటలు మోయడానికి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అక్క పుష్పవల్లిని చిన్నసామికి ఇచ్చేనాటికి కాటయ్యకు పదకొండేళ్లు. తండ్రి లేడు. బావే స్కూలు ఫీజు కట్టాడు, స్కూలు మానేస్తే చెంప పగలగొట్టాడు, ఇక చదవడని తేలాక మార్కెట్టుకు తీసుకొచ్చాడు. పన్నెండు కిలోల వంజరాన్ని ఒక్క మందంలో ముక్కలు కొట్టేవాడు చిన్నసామి. ఒక ముక్క మీద ఇంకో ముక్క పెడితే అంచులు కలిసేవి. కల్యాణమండపాల వంటవాళ్లు వచ్చి, “చిన్నసామి కోస్తేనే తీసుకుంటాం” అని నిలబడేవాళ్లు. అతను దవడన పొగాకు పెట్టుకుని, వాళ్ల ముఖం కూడా చూడకుండా కోస్తూ పోయేవాడు.

ఆ ఉదయం అందరూ చిన్నసామి చుట్టూ మూగి అరుస్తుంటే, తెగిన వేలు సంగతి గుర్తొచ్చింది కాటయ్య ఒక్కడికే. తెగిన వేలును మళ్లీ అతుకుతారనీ, ఐసులో పెట్టి తీసుకెళ్లాలనీ ఎప్పుడో ఒక పొట్లం కాగితం మీద చదివాడు. కాగితం కింది సగం చిరిగి ఉంది. ఎలా పెట్టాలో ఒకళ్లు చెప్పాలా అతనికి? తట్టలోంచి బావ బొటనవేలు తీశాడు. నీళ్లతో కడిగాడు. చిన్న పెట్టె తెచ్చి అడుగున ఐసు పరిచాడు, వేలు పెట్టాడు, పైన ఐసు కప్పాడు. ఒక దోసెడు కల్లుప్పు చల్లాడు. బావ వేలు కదా అని ఇంకో దోసెడు వేశాడు. మూత పెట్టి టేపు చుట్టాడు. నర్సింగ్‌హోములో వృథా అయిన రెండు గంటలూ ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంత బాగా ఎవరూ పెట్టి ఉండరనే అనుకున్నాడు.

పెద్దాసుపత్రిలో చేతుల వార్డు ముందు ఆయా తంగమ్మ పెట్టె మూత తీయించి చూసింది.

“ఓరి నాయనో! నేరుగా ఐసులోనే పొడిచి పెట్టినావా? తడిగుడ్డలో చుట్టి, కవర్లో ఏసి, ఆ కవరు గదా ఐసు మింద పెట్టాల్సింది! చాపనుకున్న్యావా? డాక్టరమ్మ చూస్తే నిన్ను ఉతికి ఆరేస్తది.”

ఆమె ఉప్పు సంగతి చూడలేదు. కాటయ్య పెట్టె తీసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. వేలు తెల్లగా, సుద్దముక్కలా ఉంది. గోటితో తడితే కర్రను తట్టినట్టు చప్పుడైంది. నీళ్ల కింద పట్టుకున్నాడు. మెత్తబడేదాకా పట్టుకున్నాడు. ఉప్పు పోయేదాకా కడిగి, తువ్వాలు అంచు చింపి తడిపి చుట్టి, పాల కవర్లో వేసి, ఎదురు కొట్లో కొన్న కొత్త ఐసు మీద పెట్టాడు. చూడడానికి ఆయా చెప్పినట్టే ఉంది.

డాక్టర్ రంజని చిన్న వయసు మనిషి. నెల్లూరు అమ్మమ్మ దగ్గర పెరిగింది, అందుకని వీళ్లతో తెలుగులోనే మాట్లాడేది. కవరు విప్పి వేలును దీపం కింద అటూ ఇటూ తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి.

“రంగు కొంచెం తేడాగా ఉంది. మొదటినుంచీ ఇట్లానే పెట్టారా? కవర్లోనేనా?”

“ఔను మేడమ్.”

“నేరుగా ఐసు తగల్లేదు కదా? నిజం చెప్పండి. తగిలుంటే అతికించే పద్ధతే వేరు.”

“లేదు మేడమ్. ఇట్లానే.”

పక్కనే స్ట్రెచర్ మీద చిన్నసామి. నొప్పికి పళ్లు కొరుక్కుంటూనే, “మా బామ్మర్ది పెట్టినాడు మేడమ్. వాడు పెట్టె కట్టినాడంటే నమ్మొచ్చు” అన్నాడు.

తొమ్మిది గంటలు ఆపరేషన్ చేశారు. వెంట్రుక కంటే సన్నని దారంతో, మైక్రోస్కోపు కింద. కాలినుంచి ఒక రక్తనాళం తీసి వేలికి కలిపారు. బయటికి వచ్చాక రంజని ముఖంలో రక్తం లేదు గానీ కళ్లలో ఆశ ఉంది. మొదటి రోజు వేలు గులాబీ రంగులో ఉంది. చిన్నసామి దాన్నే చూస్తూ పడుకున్నాడు. గంటకొకసారి నర్సు వచ్చి సూదితో పొడిస్తే ఎర్రటి బొట్టు వచ్చేది. బొట్టు వచ్చిన ప్రతిసారీ అతను నవ్వేవాడు. రెండో రోజు బొట్టు నల్లగా వచ్చింది. మూడో రోజు బొట్టే రాలేదు.

నల్లబడిన వేలును తీసేశారు. అంతటితో పోలేదు. చచ్చిన మాంసంలో చీము పట్టి కిందికి దిగింది. బొటనవేలి మొదటి కణుపు దాకా ఎముక పుచ్చిపోతే దాన్నీ తీసేయాల్సి వచ్చింది. పుండు మూయడానికి అరచేతిని గజ్జల దగ్గరి చర్మానికి కుట్టి మూడు వారాలు అట్లాగే ఉంచారు. ఆ మూడు వారాలూ చిన్నసామి తన జేబులోనే చెయ్యి పెట్టి దొరికిపోయిన దొంగలా వంకరగా పడుకున్నాడు. చూడడానికి వచ్చిన మార్కెట్టువాళ్లు ఏం మాట్లాడాలో తెలియక ఆపిల్ పండ్లు పెట్టి పోయేవాళ్లు.

వేలు ఎందుకు చచ్చిందని పుష్పవల్లి అడిగింది. ఖచ్చితంగా చెప్పలేమన్నారు డాక్టర్లు. ఒక్కోసారి అట్లా అవుతుందన్నారు. “పొగాకు అలవాటు ఉందా?” అని అడిగారు. “పొగాకు తింటే రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదీ ఒక కారణం కావచ్చు.”

ఆ ‘కావచ్చు’ను పుష్పవల్లి అక్కడే ఆసుపత్రిలో వదిలేసి, మిగతా మాటను ఇంటికి తీసుకెళ్లింది.

తర్వాత ఏడాదిన్నర ఆ ఇంట్లో అదే పాట. అతను ఎడమచేత్తో స్పూను పట్టుకుని అన్నం కింద పోస్తే, “దవడన మట్టి పెట్టుకున్న్యావే, అప్పుడు తెలవలేదా?” లుంగీ ముడి నిలవక పదేళ్ల కూతురు కార్తీక వచ్చి కట్టి పోతే, “ముదలాళి సగం తెంచినాడు, నీ పొగాకు మిగతా సగం తెంచింది.” ఆమె నాలుగు ఇళ్లలో వంట చేసి వచ్చేది. కాళ్లు లాగుతుంటే నోరు ఊరుకునేది కాదు. చిన్నసామి ఒక్క మాట తిరిగి అనలేదు. ఆమె చెప్పిందే నిజమనుకున్నాడు. తన వేలును తనే తిన్నానని నమ్మాడు. పొగాకు మానేశాడు, పదిహేనేళ్ల నుంచి ఉన్న అలవాటు. మానేసిన మొదటి నెల గోడకేసి తల కొట్టుకున్నాడు.

కాటయ్య వారానికి రెండుసార్లు ఆ ఇంటికి వచ్చేవాడు. బియ్యమో చేపో తెచ్చేవాడు. అక్క పెట్టింది తినేవాడు. అక్క తిట్లు వినేవాడు. తేలు కుట్టిన దొంగకు కనీసం కుట్టినచోట నొప్పి ఉంటుంది. ఇతనికి నొప్పంతా ఎదుటివాడి చేతిలో ఉంది. నిజం అతనికి అప్పటికే తెలుసు. ఫోనులో వెతికి చదివాడు. ఉప్పు ఐసు మాంసాన్ని ఏం చేస్తుందో రెండు భాషల్లో చదివాడు. మొదట్లో రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపటికి ఆరు నెలలయ్యాక, ఉప్పు వేసిన తప్పు చిన్నదైపోయింది, చెప్పకపోవడమే పెద్దదైపోయింది. దాన్ని మొయ్యలేక దొరస్వామిని తిట్టేవాడు.

రెండో ఏడు ఎండాకాలంలో రంజని కబురు పెట్టింది. కాలి రెండో వేలు తీసి చేతికి బొటనవేలిగా పెట్టొచ్చని చెప్పింది. చిన్నసామి ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.

“కాలిదా? కాలి వేలు చేతికా? పనిచేస్తదా మేడమ్?”

“చేస్తుంది. కొంచెం పొట్టిగా ఉంటుంది. మిగతా మూడు వేళ్లకు ఎదురు నిలబడితే చాలు, గ్లాసు పట్టుకుంటారు, కత్తి పట్టుకుంటారు. కానీ మీ కేసు కష్టం. మొదటి కణుపు మిగిలి ఉంటే నేను ధైర్యంగా చెప్పేదాన్ని. అది పోయింది కాబట్టి వేలితోపాటు పాదంలోని ఎముక కూడా కొంత తీయాలి. పాత ఆపరేషన్‌లో మంచి రక్తనాళాలు వాడేశాం. సగానికి సగం అవకాశం. పొగాకు వాసన కూడా తగలకూడదు.”

“మానేసి ఏడాది దాటింది మేడమ్” అన్నాడు చిన్నసామి. బడిలో మార్కులు చెప్పే పిల్లాడిలా చెప్పాడు.

ఆ సాయంత్రం కాటయ్య ఒక్కడే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు. రంజని ఓపీ ముగించి చేతులు కడుక్కుంటోంది.

“మేడమ్, ఆయన కాలు కోయొద్దు. నాది తీసుకోండి.” కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. “బొటనేలు. కణుపుతో సహా తీసుకోండి. యాడ సంతకం పెట్టమన్నా పెడతా.”

రంజని నవ్వబోయి అతని ముఖం చూసి ఆగింది. “అట్లా కుదరదు. ఇంకొకరి వేలును ఒళ్లు ఒప్పుకోదు. ఒప్పించాలంటే జీవితమంతా మందులు మింగాలి, ఆ మందులకు కిడ్నీలు పోతాయి. రెండు చేతులూ పూర్తిగా పోయినవాళ్లకు చేస్తారు, చనిపోయినవాళ్లవి తీసి. ఒక వేలికి ఎవరూ చేయరు. బతికున్న మీ వేలు అసలు తీయరు.”

“ఎట్లయినా చేయండి మేడమ్.”

“మీరెందుకు ఇవ్వాలి? మీ బావ అంటే ప్రేమ ఉండొచ్చు. అందుకు వేలు కోసుకుంటారా ఎవరైనా?”

అప్పుడు చెప్పాడు కాటయ్య. ఉప్పు, రెండు దోసెళ్లు, కుళాయి, పాల కవరు, అన్నీ.

రంజని చాలాసేపు కుళాయి కట్టేయడం మరిచిపోయింది. తర్వాత కట్టేసి కుర్చీలో కూర్చుంది.

“ఉప్పు కలిసిన ఐసు మామూలు ఐసు కంటే చాలా చల్లన. వేలు లోపలి నీళ్లన్నీ గడ్డకడతాయి, సన్న రక్తనాళాలు పగిలిపోతాయి. చేపకు ఫరవాలేదు, దానిలో మళ్లీ రక్తం పారాల్సిన పని లేదు కదా.” ఆగింది. “మీరు ఉప్పు వేశారని నేను కోప్పడను. మీకు తెలియదు. కానీ నేను అడిగాను. రెండుసార్లు అడిగాను. ఆరోజు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ వేలును అతికించే ప్రయత్నమే చేసేదాన్ని కాదు. పుండు శుభ్రం చేసి మూసేసేదాన్ని. కణుపు మిగిలేది. రక్తనాళాలు మిగిలేవి. ఈ కాలివేలు ఆపరేషన్ అప్పుడే, హాయిగా అయిపోయేది.”

కాటయ్య బల్ల మీంచి చెయ్యి తీసేసుకున్నాడు.

“ఇంకోటి. తన పొగాకు వల్లే పోయిందని ఆయన అనుకుంటున్నాడు. నాకు చెప్పుకుని ఏడ్చాడు కూడా. గురువారం ఆపరేషన్. నేను కోసే ముందు ఆయనకు నిజం తెలియాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెప్తా.”

బుధవారం మధ్యాహ్నం చిన్నసామిని వార్డులో చేర్చారు. అతను హుషారుగా ఉన్నాడు. ఏడాదిన్నరలో అంత హుషారుగా ఎవరూ చూడలేదు. గుండు చేయించుకున్నాడు. కుడి పాదానికి సబ్బు పెట్టి పెళ్లికొడుకు కాలు కడిగినట్టు కడుక్కున్నాడు. పుష్పవల్లి వచ్చి చేర్చి పోయింది. ఆమె కూడా ఆరోజు పొగాకు మాట ఎత్తలేదు.

“మీ అక్క ఏమంటాదో తెలుసునా కాటా? కాలి వేలితో అన్నం కలుపుకుంటే తనకు వాంతికొస్తదంట. నేను అన్న్యా, ఇన్నాళ్లూ నీ నోటితో కలిపిన అన్నమే తిన్న్యా, ఇదేం లెక్క అని.” గట్టిగా నవ్వాడు. పక్క మంచం రోగి కూడా నవ్వాడు. “ఇంకోటి ఉంది చూడు. రేపట్నుంచి ఎవురికన్నా దండం పెడితే కాలు తగిలినట్టే. కాలు తగిలినందుకు మళ్లీ దండం పెట్టాల. పెడితే మళ్లీ తగిలె. తెల్లార్లూ అదే పని.”

కాటయ్య నవ్వలేదు.

“ఏందిరా, నువ్వు చేయించుకునేటట్టు మొగం పెట్టినావు? అయిదు దినాలు నువ్వే నా పక్కన ఉండాల. నర్సును నమ్మను. సూదితో పొడిచినప్పుడు బొట్టు ఏ రంగో నువ్వు చూడాల. ఎర్రగుంటే చెప్పు. నల్లగుంటే చెప్పొద్దు.”

“బావా, బయటికి రా. కొంచెం మాట్లాడాల.”

వరండా చివర, మెట్ల పక్కన కిటికీ ఉంది. కింద అంబులెన్సులు తిరుగుతున్నాయి. కాటయ్య కిటికీ వైపు తిరిగి చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా ఆపకుండా చెప్పాడు. చెప్పడం అయిపోయాక కూడా తిరగలేదు.

“ఉప్పేసినావు” అన్నాడు చిన్నసామి.

“ఏసినా బావా.”

“ఉప్పేసేది నీకు నేర్పించింది నేనే గదరా.” ఆ మాట తిట్టులా లేదు. ఎవరినో వెనకేసుకొస్తున్నట్టు ఉంది. తర్వాత గొంతు మారిపోయింది. “మీ అక్కకు తెలుసునా?”

“తెలవదు.”

“ఏడాదిన్నర. నా నోట్లో మట్టి పడ్డదని అది రోజూ తిట్టిందే. నువ్వు ఆడనే కూచోని తింటా ఉన్న్యావు గదా?”

“ఔను బావా.”

“ఏం కూర?”

“బావా—”

“అడుగుతా ఉన్న్యా గదా. ఏం కూర తిన్న్యావు? బాగుండిందా?”

కాటయ్య అతని కాళ్ల మీద పడ్డాడు. ఆ కాలి మీదే, సబ్బుతో కడిగిన కాలి మీదే పడ్డాడు. చిన్నసామి కాలు వెనక్కి లాక్కుని వార్డులోకి వెళ్లాడు. ఆసుపత్రి అంగీ విప్పి తన చొక్కా తొడుక్కున్నాడు. ఎడమచేత్తో గుండీలు పెట్టుకోబోయాడు. మొదటిది పట్టింది. రెండోది పట్టలేదు. కాటయ్య చెయ్యి చాపబోతే చూసిన చూపుకు ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒక్క గుండీతో, మిగతా చొక్కా ఎగురుతుండగా, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గురువారం పదకొండు దాకా రంజని ఎదురుచూసింది. తర్వాత ఆ బల్ల మీదికి ఆవడి నుంచి వచ్చిన, లేతు మిషన్‌లో చెయ్యి పడ్డ ఒకాయన్ని ఎక్కించారు.

కాటయ్య బుధవారమే అక్కకు కూడా చెప్పాడు. పుష్పవల్లి అరవలేదు. చెంబు పట్టుకుని నిలబడింది. “నేనేం తిట్టినా పడినాడే” అంది. “నేనేం తిట్టినా పడినాడే” అని మళ్లీ అంది. ఆ తర్వాత తమ్ముడి చెప్పులు తీసి వాకిలి బయట పెట్టింది. చిన్నసామి సాయంత్రం ఇంటికి వచ్చాడు, దవడన పొగాకుతో. ఆమె చూసి కూడా నోరెత్తలేకపోయింది.

నెల తిరక్కుండా అతను షోళింగనల్లూరు వెళ్లిపోయాడు. అక్కడ ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మెన్ పని. కార్లు వస్తే గేటు తీయాలి, పోతే మూయాలి, బైకుల వాళ్ల పేర్లు పుస్తకంలో వాళ్ల చేతే రాయించాలి. అందుకు ఎడమచెయ్యి చాలు. పన్నెండు గంటలు నిలబడే పని, అందుకు రెండు కాళ్లూ కావాలి. నెలకు రెండుసార్లు వ్యాసర్పాడి వచ్చి కూతుర్ని చూసి పోతాడని మార్కెట్టులో విన్నాడు కాటయ్య. తను వెళ్లిన రోజున ఆ ఇంటి తలుపు తెరుచుకునేది కాదు.

వానాకాలం వచ్చింది. కాటయ్య రంజనిని వదల్లేదు. ఓపీ రోజుల్లో పోయి వరండాలో నిలబడేవాడు. పొమ్మన్నా పోయేవాడు కాదు. చివరికి ఆమె ఒక చీటీ రాసి ఇచ్చింది. డిసెంబరులో ఒక తేదీ. ఇంకా ఆలస్యమైతే అరచేతి కండరాలు ఎండిపోతాయి, అప్పుడు ఎంత మంచి వేలు పెట్టినా కదలదు, ఇదే ఆఖరు అని చెప్పింది. నలభై రోజుల ముందు నుంచీ పొగాకు ముట్టకూడదు. లెక్కేస్తే ఆ నలభై రోజులు మర్నాటినుంచే మొదలు.

అందుకని ఆ రోజే బస్సెక్కాడు.

అపార్ట్‌మెంటు గేటు ముందు నీళ్లు నిలిచి ఉన్నాయి. చిన్నసామి నీలం యూనిఫారంలో, ప్లాస్టిక్ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి, ఎవరు పెట్టారో. కుడిచేతిని జేబులో దాచుకున్నాడు. కాటయ్యను చూసి ముఖం తిప్పుకోలేదు. తెలియనివాళ్లను చూసినట్టు చూశాడు.

“ఎవురి ఇంటికి?” అన్నాడు.

“బావా, నేను.”

“పేరు రాయి. ఫ్లాటు నంబరు రాయి.”

కాటయ్య పుస్తకం తీసుకోలేదు. చీటీ తీసి చాపాడు. డిసెంబరు తేదీ చెప్పాడు, కండరాల మాట చెప్పాడు, పొగాకు మాట చెప్పాడు. తను ఆ ఆసుపత్రి దరిదాపులకు రాననీ, అక్కను పక్కన ఉండనిమ్మనీ, బొట్టు రంగు అక్కే చూస్తుందనీ చెప్పాడు. ఒక కారు వచ్చింది. చిన్నసామి గేటు తీశాడు, సలాం కొట్టాడు, గేటు మూశాడు. మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

“అయిందా?”

“ఇదే ఆఖరు తేదీ బావా. మళ్లీ లేదంట.”

“తొమ్మిది గంటలు కోసినారు. మూడు దినాలు రెప్పెయ్యకుండా దాన్ని చూస్తా పడుకున్న్యా. బతుకుతాదని. అది బతికేది కాదని నీకు తెలుసు. నువ్వు నా పక్కన కూచోనే ఉన్న్యావు. మళ్లీ ఒకటి పెట్టి, మళ్లీ చూస్తా పడుకోమంటావా? నా చేత గాదురా. కాలన్నా ఉండనీ.”

“అప్పుడు తెలవదు బావా. ఒట్టు. పోయినాకనే తెలిసింది.”

“కుళాయి కింద పట్టుకున్నప్పుడు?”

కాటయ్య నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. పై అంతస్తులో ఎవరో బట్టలు ఆరేస్తూ ఆగి చూశారు.

“నన్ను కొట్టు బావా. స్కూలు మానేసినప్పుడు కొట్టినావే, అట్లా కొట్టు. చచ్చేదాకా కొట్టు. కొట్టినాక ఆపరేషన్‌కు పో.”

చిన్నసామి కుడిచేతిని జేబులోంచి తీశాడు. మూడు వేళ్లూ మడిచాడు. చూపుడువేలు లేదు. బొటనవేలు ఉండాల్సినచోట గజ్జల చర్మం, నున్నగా, వేరే మనిషిదిలా ఉంది. మడిచిన వేళ్లు నిలవలేదు, వాటంతట అవే విచ్చుకున్నాయి. కాసేపు ఆ చేతిని చూసుకున్నాడు. చీటీని మాత్రం ముట్టుకోలేదు.

“కొట్టాలన్నా పిడికిలి గట్టాల గదరా కాటా. పిడికిలికి బొటనేలు గావాల. లెయ్, లేచి పో, నీ బస్సొస్తా ఉంది.”